వేయి స్తంభాల నుంచి స్తంభమే లేని మందిరం దాకా: ఓరుగల్లు కొత్త కట్టడాలను చూసే పద్ధతి

మా మేనకోడలు ఆరో తరగతిలో ఉండగా సెలవులకు విజయవాడ నుంచి వచ్చింది. వరంగల్ వచ్చిన చుట్టాలందరినీ తిప్పినట్టే తననూ వేయిస్తంభాల గుడికి తీసుకెళ్లాను. స్తంభాల చాటున కాసేపు దాగుడుమూతలు ఆడి, రంగమండపం దగ్గర ఆగి, “మామయ్యా, ఇక్కడ నాట్యం చేసేవారన్నావు కదా, ఇన్ని స్తంభాలు అడ్డుంటే వెనక కూర్చున్నవాళ్లకు ఎలా కనబడేది?” అని అడిగింది.

అప్పటికప్పుడు నాకు జవాబు తోచలేదు. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. అంత గొప్ప శిల్పులు అన్ని స్తంభాలు ఎందుకు నిలబెట్టారు? తీసేసే వీలుంటే తీసేసేవారు కాదా? ఆలోచిస్తూ పోతే అది రాతి స్వభావం దగ్గరికి, అక్కడి నుంచి కాంక్రీటు దగ్గరికి, చివరకు కరీంనగర్‌లో మానేరు నది మీద బిగించిన ఉక్కు తీగల దగ్గరికి తీసుకెళ్లింది. అప్పటి నుంచి మా ఇంటికి వచ్చినవాళ్లకు పాత కట్టడాలతో పాటు కొత్తవి కూడా చూపిస్తున్నాను. అలా తిరగ్గా తిరగ్గా కుదిరిన పద్ధతి ఇది. రెండు రోజులు చాలు.

ఢిల్లీ వెళ్లిన తెలుగు కుటుంబం 1986లో తెరిచిన లోటస్ టెంపుల్ ముందు ఫొటో దిగకుండా తిరిగి రాదు. హైదరాబాద్ వెళ్తే 2023లో ప్రారంభమైన సచివాలయం ముందు ఒక్క నిమిషమైనా ఆగుతారు. చండీగఢ్‌లో లె కార్బుజియే రూపకల్పన చేసిన కాపిటల్ కాంప్లెక్స్ 2016లో యునెస్కో వారసత్వ జాబితాకు ఎక్కింది. స్పెయిన్‌లోని బిల్బావో అనే పరిశ్రమల ఊరి పేరు ప్రపంచమంతా తెలిసింది 1997లో అక్కడ కట్టిన ఒక మ్యూజియం భవనం వల్లే. వరంగల్ విషయానికి వచ్చేసరికి మాత్రం మనం ఎనిమిది వందల ఏళ్ల కిందటి రాయి దగ్గరే ఆగిపోతాం. ఆ రాయి అంటే నాకు ప్రాణం. దాన్ని పూర్తిగా అర్థం చేసుకోవడానికి కొత్త కట్టడాలే దారి చూపించాయి కాబట్టి రెండూ కలిపి చూడమంటున్నాను.

ముందు రోజు రాత్రి: చాక్‌పీసు

కట్టడం ఏదైనా చేసే పని ఒక్కటే. ఖాళీని దాటుతుంది. రెండు గోడల మధ్య, రెండు స్తంభాల మధ్య, నదికి రెండు గట్ల మధ్య ఉన్న ఖాళీ మీద బరువును నిలుపుతుంది. ఎలా దాటింది, ఎంత దూరం దాటింది అని అడగడం అలవాటైతే ఏ భవనం ముందు నిలబడినా చూడవలసింది మీకే కనబడుతుంది.

దీనికి రెండు చాక్‌పీసులు కావాలి. పిల్లలు ఉంటే వాళ్ల చేతే చేయించండి. ఒక చాక్‌పీసును బల్ల మీద నిలువుగా నిలబెట్టి పైనుంచి వేలితో నొక్కండి. ఎంత నొక్కినా తట్టుకుంటుంది. రెండో దాన్ని రెండు పుస్తకాల మధ్య వంతెనలా అడ్డంగా పెట్టి నడుమ నొక్కండి. టప్పున విరుగుతుంది. విరిగేది అడుగు నుంచే. అడ్డంగా ఉన్న దూలం మీద బరువు పడితే పై భాగం నొక్కుకుంటుంది, కింది భాగం సాగుతుంది. చాక్‌పీసుకు నొక్కుడును ఓర్చుకునే శక్తి ఉంది, సాగుడును ఓర్చుకునే శక్తి లేదు. రాయిదీ ఇదే స్వభావం. రేపు చూడబోయే ప్రతి కట్టడం ఈ విరిగిన చాక్‌పీసుకు ఒక జవాబు.

మిగతా ఏర్పాట్లు చిన్నవి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు హాయిగా తిరగవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం బయట నిలబడి భవనం చూడటం కష్టం. ఆ నెలల్లోనే రావలసివస్తే పదకొండు నుంచి నాలుగు దాకా నీడ పట్టున ఉండేలా వేళలు మార్చుకోండి. ఒక చిన్న నోటుపుస్తకం, పెన్సిలు, టోపీ, మంచినీళ్లు ఉంటే చాలు. విద్యాసంస్థల ఆవరణలు చూడాలంటే ముందుగానే అనుమతి అడిగి పెట్టుకోండి. అక్కడ చదివినవారో, చదువుతున్నవారో మీ బంధువుల్లో ఉంటే ఆ పని తేలికవుతుంది.

మొదటి ఉదయం: రైల్వే స్టేషన్, కోట

రైల్లో వస్తే వరంగల్ స్టేషన్ నుంచే మొదలుపెట్టండి. దిగగానే ఆటో కోసం పరుగెత్తకుండా బయటికి వచ్చి, వెనక్కి తిరిగి ముఖద్వారాన్ని చూడండి. అమృత్ భారత్ పథకం కింద పునరుద్ధరించిన ఈ స్టేషన్ 2025 మే 22న ప్రారంభమైంది. ముందు భాగాన్ని కాకతీయ శైలి అలంకారంతో తీర్చారు. ఇప్పటికి ఒక ఫొటో తీసుకుని పెట్టుకోండి. దీని గురించి కోట చూశాక మాట్లాడుకుందాం.

స్టేషన్ నుంచి కోటకు ఆటోలో వెళ్లిపోవచ్చు. టికెట్టు తీసుకుని లోపలికి వెళ్తే నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు. తెలంగాణ రాజముద్రలో ఉన్నది ఈ తోరణమే. అందరూ దూరం నుంచి ఫొటో తీసుకుంటారు. మీరు దగ్గరికి వెళ్లి, మెడ ఎత్తి, అడ్డురాయి స్తంభం మీద కూర్చున్న చోటును చూడండి. సిమెంటు లేదు, సున్నం లేదు. స్తంభం తల దగ్గర రాతి చేతులు పక్కకు చాచుకుని ఉంటాయి. అవి అందం కోసమే పెట్టినవని చాలామంది అనుకుంటారు. ఆ చేతులు చాచిన మేరకు అడ్డురాయి దాటవలసిన ఖాళీ తగ్గుతుంది. నిన్న రాత్రి విరిగిన చాక్‌పీసు గుర్తుంది కదా, పుస్తకాలను కాస్త దగ్గరికి జరిపితే అది విరగదు. కాకతీయ శిల్పి చేసింది అదే. పుస్తకాలను దగ్గరికి జరిపాడు.

అక్కడే ఉన్న ఖుష్ మహల్‌కు నడవండి. దీనికి అంత మంది రారు. కాకతీయుల తర్వాతి కాలపు కట్టడం ఇది. గోడలు కింద లావుగా, పైకి పోయేకొద్దీ లోపలికి వాలి ఉంటాయి. లోపల వరసగా పెద్ద ఆర్చీలు. అడ్డురాయికి బదులు చిన్న రాళ్లను వంపుగా పేర్చితే ఒక రాయి మరో రాయిని నొక్కుతూ బరువును కిందికి దించేస్తుంది. సాగదీసే బలమే ఎక్కడా పుట్టదు. అందుకే ఆర్చీ తోరణం కంటే ఎక్కువ వెడల్పును దాటగలదు. అయితే అది కాళ్లను బయటికి తోస్తుంది. ఆ తోపుడును ఆపడానికి లావాటి గోడ కావాలి. ఖుష్ మహల్ గోడ పక్కన నిలబడి దాని మందం చూస్తే ఎంత తోపుడును ఆపుతోందో మాటల్లో చెప్పనక్కరలేదు. పక్కపక్కనే ఉన్న రెండు కట్టడాల్లో ఖాళీని దాటే రెండు పద్ధతులు ఇంత స్పష్టంగా కనబడే చోటు మన రాష్ట్రంలో మరొకటి నేను చూడలేదు.

మోకాళ్లు సహకరిస్తే ఏకశిల గుట్ట ఎక్కండి. పైనుంచి ఊరంతా కనబడుతుంది. పాత సెంట్రల్ జైలు తీసేసిన స్థలంలో 24 అంతస్తుల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి 2021లో శంకుస్థాపన జరిగింది. చుట్టూ ఉన్న ఇళ్లను మించి లేచిన ఆ భవనాన్ని గుట్ట మీది నుంచి వెతికి పట్టుకోండి. ఓరుగల్లు అనే పేరు ఒంటిరాయి నుంచి వచ్చిందంటారు. ఆ ఒంటిరాయి మీద నిలబడి ఊళ్లోకెల్లా ఎత్తయిన కాంక్రీటును చూస్తుంటే రెండూ ఒకదానినొకటి పలకరిస్తున్నట్టు ఉంటుంది. ఆసుపత్రిని మాత్రం దూరం నుంచే చూడండి. రోగులూ వారి బంధువులూ ఉండే చోట కెమెరా పట్టుకుని తిరగడం మర్యాద కాదు.

ఇప్పుడు పొద్దున తీసిన స్టేషన్ ఫొటో తెరవండి. కోట తోరణం బరువును మోస్తుంది. కాంక్రీటు భవనానికి పెట్టిన తోరణం ఆ భవనం తొడుక్కున్న నగ. మన ఊళ్లో కార్యాలయాల గేట్ల మీద, ఊరి పొలిమేరల్లో, ఫంక్షన్ హాళ్ల ముందు తోరణాల నకళ్లు లెక్కలేనన్ని. నగ పెట్టుకోవడం తప్పు కాదు, ఎక్కడ పడితే అక్కడ పెట్టుకుంటే నప్పదు. నకలు తోరణం ముందు నిలబడినప్పుడు మూడు సంగతులు గమనించండి. రాతి చేతులు దేనినైనా మోస్తున్నాయా, గాలిలో ఆగిపోయాయా? స్తంభం లావుకూ ఎత్తుకూ అసలు తోరణంలో ఉన్న పొందిక ఇక్కడ ఉందా? వేలి కణుపుతో తడితే గట్టిగా మోగుతుందా, డొల్లగా మోగుతుందా? అసలు రాయిని మాత్రం తట్టకండి, అది పురావస్తు శాఖ రక్షణలో ఉన్నది.

పదిన్నరకు: వేయిస్తంభాల గుడి

1163లో రుద్రదేవుడు కట్టించిన ఈ గుడి గురించి మీకు ఎవరైనా చెబుతారు. శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ కలిపి త్రికూటాలయం, నక్షత్రాకారపు అధిష్ఠానం, నల్లరాతి నంది. నేను చెప్పేది ఒక్కటే పని. ఒక స్తంభం నుంచి మరో స్తంభానికి అడుగులు వేసి లెక్కపెట్టండి. నోటుపుస్తకంలో రాసుకోండి. కొద్ది అడుగులకే మరో స్తంభం ఎదురవుతుంది. ఆ అంకె ఈ రోజు సాయంత్రం కావాలి.

కల్యాణ మండపాన్ని రాయి రాయిగా విప్పి, మళ్లీ పేర్చి, 2024 మహాశివరాత్రి నాడు తెరిచారు. అందుకు దాదాపు రెండు దశాబ్దాలు పట్టింది. విప్పి మళ్లీ పేర్చగలిగారంటేనే ఆ కట్టుబడి ఎలాంటిదో తెలుస్తుంది. కాంక్రీటు భవనాన్ని అలా విప్పలేం, పగలగొట్టగలం అంతే. కొత్త కట్టడాల పక్షాన మాట్లాడుతున్నా ఈ ఒక్క విషయంలో పాతదానికే నా ఓటు.

భోజనం హనుమకొండలో కానిచ్చి, ఎండ తగ్గేదాకా ఎక్కడైనా నడుం వాల్చండి.

మూడింటికి: సుబేదారి, అదాలత్

2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడ్డాక ఉత్తర తెలంగాణ అంతటా అన్ని శాఖలనూ ఒకే కప్పు కిందికి తెచ్చే సమీకృత కలెక్టరేట్లు లేచాయి. హనుమకొండలోనిది 2021 జూన్ 21న ప్రారంభమైంది. అప్పటికి జిల్లా పేరు వరంగల్ అర్బన్. జనగామ, పెద్దపల్లి, జగిత్యాల మీదుగా ప్రయాణించేవారికి ఇదే కుటుంబానికి చెందిన భవనాలు కనబడుతుంటాయి. అదే ఏడాది డిసెంబరు 19న హనుమకొండలో పది కోర్టుల సముదాయాన్ని అప్పటి భారత ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణ ప్రారంభించారు.

ఇవి పర్యాటక స్థలాలు కావు కదా అని అడగవచ్చు. ప్రభుత్వ భవనాన్ని చూడటానికి టికెట్టు లేదు, అది మన డబ్బుతో మన కోసం కట్టింది. బయటి నుంచి, దారిన పోయే పౌరుడు చూడగలిగినంత చూడండి. లోపల, ముఖ్యంగా కోర్టులో, ఫొటోలు తీయకండి. కాపలావారు వద్దంటే వాదించకుండా కదలండి.

ఇక్కడ గోపురాల కంటే సజ్జలను చూడమంటాను. మన ఎండకూ వానకూ జవాబు చెప్పేది సజ్జ. మధ్యాహ్నం మూడు గంటలకు పడమటి గోడ మీది కిటికీకి నీడ పడుతోందా? పడకపోతే ఆ గదిలో కూర్చునే ఉద్యోగి మార్చి నుంచి జూన్ దాకా తెర దించుకుని, పగలే దీపం వేసుకుని పని చేస్తాడు. తర్వాత సజ్జ అడుగు భాగం చూడండి. అంచుకు కాస్త లోపలగా వేలి వెడల్పు గాడి ఒకటి ఉండాలి. వాన నీరు సజ్జ అంచు దాటి అడుగు భాగాన్ని పట్టుకుని గోడ దాకా పాకకుండా ఆ గాడి దగ్గరే తెగి బొట్లుబొట్లుగా కింద పడుతుంది. గాడి లేని చోట గోడ మీద నల్లటి చారలు దిగి ఉంటాయి. మంచి మేస్త్రీ పని ఎక్కడ జరిగిందో ఆ వేలెడు గాడి చెప్పేస్తుంది. కొత్త భవనాన్ని రెండు మూడు వానాకాలాలు గడిచాక చూడటం అందుకే మేలు. ప్రారంభోత్సవం నాడు అన్ని గోడలూ బాగానే ఉంటాయి.

ఇంకొకటి. అర్జీ పట్టుకుని వచ్చిన ముసలావిడ ఎక్కడ కూర్చుంటుంది? ఆమె నిలబడే చోట నీడ, గాలి, పక్కన నీళ్లు ఉన్నాయా? చక్రాల కుర్చీ ఎక్కే వాలుదారి ముఖద్వారం దగ్గరే ఉందా, వెనక ఎక్కడో ఉందా? ముందు పోర్టికో ఎంత ఘనంగా ఉన్నా నేను ఈ జవాబుల తర్వాతే మార్కులు వేస్తాను.

సాయంత్రం: కాళోజీ కళాక్షేత్రం

రోజంతా ఎదురుచూసినది ఇదే. బాలసముద్రంలోని హయగ్రీవాచారి మైదానంలో ఉంది. కాళోజీ నారాయణరావు శతజయంతి సందర్భంగా 2014 సెప్టెంబరులో శంకుస్థాపన జరిగింది. తెరుచుకున్నది 2024 నవంబరు 19న. మధ్యలో పదేళ్లు. ఈ దారిన పోయే మాకందరికీ అది పునాదుల నుంచి అంగుళం అంగుళంగా తెలిసిన భవనం.

రెండు విధాలుగా చూడవచ్చు. కార్యక్రమం లేని రోజు వెళ్తే ఆవరణ, బయటి రూపం చూసి, లోపలికి అనుమతిస్తారేమో మర్యాదగా అడగండి. మేలైన పద్ధతి, నాటకమో సభో ఉన్న రోజు చూసుకుని వెళ్లడం. కళాక్షేత్రం ఖాళీగా ఉన్నప్పుడు సగం భవనమే. జనం నిండితేనే దాని పని మొదలవుతుంది.

బయట ముందు ఒక చుట్టు నడవండి. అన్ని వైపులా ఒకే ఎత్తు ఉండదు. రంగస్థలం ఉన్న చోటు మిగతా భాగం కంటే ఎత్తుగా ఉండాలి, ఎందుకంటే తెరలూ దీపాలూ పైకి లాగి దాచేది అక్కడే. ఏ హాలుకైనా బయటి నుంచే రంగస్థలం ఎక్కడుందో ఊహించి, లోపలికి వెళ్లి సరిచూసుకోవడం పిల్లలకు మంచి ఆట.

లోపలికి వెళ్లాక ముందు వరసల్లో కూర్చోవాలన్న ఆశ పక్కన పెట్టి చివరి వరసకు వెళ్లండి. ప్రధాన మందిరంలో సుమారు 1,100 మంది కూర్చోవచ్చు. ఇప్పుడు నోటుపుస్తకం తీసి, వేయిస్తంభాల గుడిలో రాసుకున్న అంకె చూడండి. ఒక గోడ నుంచి ఎదుటి గోడ దాకా చూపు సారించండి. అడ్డంగా ఒక్క స్తంభం లేదు. మా మేనకోడలి ప్రశ్నకు జవాబు ఈ ఖాళీయే. రుద్రదేవుడి శిల్పికి ఈ ఖాళీ కావాలని ఉండి ఉంటుంది, కానీ ఆయన చేతిలో ఉన్నది రాయి. సాగుడును తట్టుకునే ఇనుము దూలం కడుపులోకి చేరాకే మనిషికి ఇది సాధ్యమైంది.

కాంక్రీటు దానంతటది చాక్‌పీసు లాంటిదే. నొక్కితే ఓర్చుకుంటుంది, సాగదీస్తే పగులుతుంది. సాగే చోట ఇనుప కడ్డీ పెడతారు. మామూలు దూలంలో సాగేది అడుగు కాబట్టి ముఖ్యమైన కడ్డీలు అడుగున ఉంటాయి. గోడలోంచి ముందుకు చాచిన సజ్జలోనూ బాల్కనీలోనూ లెక్క తిరగబడుతుంది. అక్కడ సాగేది పైభాగం, కాబట్టి కడ్డీ పైన ఉండాలి. కాంక్రీటు పోసేటప్పుడు కూలీల కాళ్ల కింద నలిగి ఆ కడ్డీలు కిందికి దిగిపోతే సెంట్రింగ్ విప్పిన నాడే సజ్జ కూలిపోవచ్చు. ఇల్లు కట్టుకుంటున్నవారు ఈ ఒక్క మాట గుర్తుంచుకుని శ్లాబు రోజు దగ్గర నిలబడితే ఈ ప్రయాణానికి పెట్టిన ఖర్చు తిరిగి వచ్చినట్టే.

ఇంత వెడల్పున్న హాళ్ల పైకప్పును సాధారణంగా ఉక్కు ట్రస్సులో (కడ్డీలను త్రికోణాలుగా కూర్చిన చట్రాలో), మనిషంత లోతున్న దూలాలో మోస్తాయి. ఫాల్స్ సీలింగ్ వాటిని దాచేస్తుంది. చూపించి ఉంటే బాగుండేదని ఇలాంటి హాలులో కూర్చున్న ప్రతిసారీ నాకు అనిపిస్తుంది. కాకతీయులు తమ దూలాన్ని దాచలేదు, దాని మీదే శిల్పం చెక్కారు.

కార్యక్రమం మొదలయ్యే ముందు ఒక్కసారి చిన్నగా చప్పట్లు కొట్టి వినండి. చప్పుడు వెంటనే అణగిపోతే మాట స్పష్టంగా వినబడే హాలు. గుయ్యిమని సాగితే పాటకు కాస్త నయం, ప్రసంగానికి ఇబ్బంది. జనం నిండాక మళ్లీ వినండి, తేడా తెలుస్తుంది. మన ఒళ్లూ బట్టలూ కూడా చప్పుడును పీల్చుకుంటాయి. ఆ లెక్కన ప్రేక్షకుడు కూడా కట్టడంలో భాగమే.

రెండో ఉదయం: నిట్, మడికొండ దారి

కాజీపేట, హనుమకొండల మధ్య ఉన్న నిట్ ఆవరణను మా వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ ఆర్‌ఈసీ అంటారు. దేశంలో మొదలైన ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాలల్లో ఇదే మొదటిది. 1959 అక్టోబరు 10న జవాహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు, 2002లో నిట్ అయింది. అనుమతి దొరికితే పొద్దున్నే వెళ్లండి. పాత భాగాలనూ, ఇటీవల లేచిన పెద్ద వసతి గృహాలనూ ఒకే నడకలో చూడండి. అరవై ఏళ్లలో ఒక దేశం కాంక్రీటుతో ఏం నేర్చుకుందో ఆ నడకలో కనబడుతుంది. ఆ తొలి తరం ప్రభుత్వ భవనాల్లో ఏసీ ఉండేది కాదు. అందుకే పొడవాటి వరండాలు, ఎదురెదురు కిటికీలు, లోతైన సజ్జలు. పొదుపు నుంచి పుట్టిన ఆ సాదాతనం నాకు చాలా ఇష్టం. దాన్ని అందంగా చూడటానికి కాస్త సమయం పట్టవచ్చు. వరండాలో ఒక చివర కూర్చుని అయిదు నిమిషాలు పెన్సిలుతో గీయండి. బొమ్మ బాగా రానక్కరలేదు. గీసేటప్పుడు కన్ను ఆగే చోట ఫొటో తీసేటప్పుడు ఆగదు.

తీరిక ఉంటే మడికొండ వైపు వెళ్లి ఐటీ సంస్థల భవనాలను రోడ్డు మీది నుంచి చూసి రండి. కాళోజీ పెరిగిన ఊరు అది. గాజు గోడల ముందు ఒక్క సంగతి చూడండి, గాజు ఏ దిక్కుకు ఉంది? ఉత్తరానికి ఉంటే వెలుతురు, పడమటికి ఉంటే కరెంటు బిల్లు.

మధ్యాహ్నం: కరీంనగర్‌కు

హనుమకొండ బస్టాండులో భోజనం వేళ దాటగానే కరీంనగర్ బస్సు ఎక్కండి. హసన్‌పర్తి, ఎల్కతుర్తి, హుజూరాబాద్, మానకొండూరు మీదుగా దాదాపు 70 కిలోమీటర్లు. మానేరు మీద తీగల వంతెన సదాశివపల్లి వైపు నుంచి కరీంనగర్‌ను కలుపుతుంది. 2023 జూన్ 21న తెరిచారు. పొడవు సుమారు 500 మీటర్లు, నీటి మీద నిలబడి తీగలను మోసే ఎత్తయిన స్తంభాలు, అంటే పైలాన్లు, రెండు. నాలుగున్నరకల్లా చేరుకుంటే ఎండ వాలే వేళ తీగల నీడలు రోడ్డు మీద పడుతుంటాయి. రంగురంగుల దీపాల కోసం చీకటి పడేదాకా ఆగమని అందరూ చెబుతారు. దీపాలు వెలిగినా వెలగకపోయినా పగటి వెలుతురులోనే వంతెన పని చేసే తీరు కనబడుతుంది, కాబట్టి వాటి మీదే ఆశ పెట్టుకుని రావద్దు.

మొదట ఒడ్డు మీది నుంచి పక్కగా చూడండి. పైలాన్ నుంచి రెండు వైపులకూ తీగలు దిగుతాయి. కావడి మోసే మనిషి గుర్తుకు రావడం లేదూ? భుజానికి ఇరువైపులా బరువు సమంగా ఉంటే మనిషి నిటారుగా నడవగలడు, ఒక వైపు ఎక్కువైతే ఒరిగిపోతాడు. పైలాన్ ఆ మనిషి వెన్నెముక. ఇలాంటి వంతెన కట్టేటప్పుడు కూడా పైలాన్ దగ్గర మొదలుపెట్టి రెండు వైపులా సమంగా పెంచుకుంటూ పోతారు, ఒక వైపు ముక్క బిగిస్తే రెండో వైపూ బిగిస్తారు.

ఇప్పుడు కోటలో మొదలుపెట్టిన లెక్క పూర్తవుతుంది. తోరణంలో రాయి తన శక్తికి మించకుండా చిన్న ఖాళీని దాటింది. ఆర్చీ సాగుడును లేకుండా చేసింది. కాంక్రీటు దూలం సాగుడును కడుపులోని ఇనుముకు అప్పజెప్పింది. ఇక్కడ తీగ చేసే పని సాగుడును ఓర్చుకోవడమే. చాక్‌పీసును విరిచిన ఆ బలమే ఈ వంతెనను నిలబెడుతోంది. తీగలు పట్టుకున్న బరువు నొక్కుడుగా పైలాన్‌లోకి దిగి నది అడుగున పునాదికి చేరుతుంది. రాయి ఒక కొస, తీగ మరో కొస. వరంగల్ కోట నుంచి రెండు గంటల దూరంలో రెండు కొసలూ దొరకడం ఉత్తర తెలంగాణ అదృష్టం.

వంతెన మీదికి నడిచేటప్పుడు కాలిబాట దిగకండి. సెల్ఫీ కోసం రోడ్డు మధ్యకు వెళ్లేవారిని చూస్తే నాకు గుండె గుభేలుమంటుంది. తీగలు రోడ్డును ఎక్కడ పట్టుకున్నాయో గమనించండి, నడుమనా, రెండు అంచుల్లోనా? నడుమ పట్టుకుంటే ఒక వైపు మాత్రమే బరువు పడినప్పుడు రోడ్డు మెలి తిరగకుండా దాన్ని కింద మోసే పెట్టెలాంటి దూలం గట్టిగా ఉండాలి. అంచుల్లో పట్టుకుంటే ఆ బాధ్యతలో కొంత తీగలు పంచుకుంటాయి. తీగ కింది కొస దగ్గర కాసేపు ఆగి, అది లోపలికి దిగే చోట నీరు చొరకుండా చేసిన ఏర్పాటు చూడండి. ఉక్కుకు శత్రువు బరువు కాదు, తడి.

తిరుగు ప్రయాణానికి కరీంనగర్ బస్టాండుకు ఆటోలో వెళ్లిపోవచ్చు, హైదరాబాద్‌కూ వరంగల్‌కూ రాత్రి బస్సులు ఉంటాయి. బయలుదేరే ముందు ఒక పని మిగిలింది. రెండు పైలాన్ల నడుమ, నది మధ్యకు వచ్చాక రెయిలింగ్ మీద అరచేయి ఆనించి కళ్లు మూసుకోండి. మేనకోడలు పెద్దదయ్యాక మళ్లీ వచ్చినప్పుడు తన చేత ఇలాగే చేయించాను. బైకు పోతే ఏమీ తెలియదు. బస్సు దాటేటప్పుడు అరచేతికి సన్నటి అదురు అందుతుంది. లారీ అయితే అది మోచేతి దాకా వస్తుంది, లారీ గట్టెక్కాక కూడా కాసేపు ఉంటుంది.